పల్సార్ పీఏ గ్రాఫ్‌లో 90 డిగ్రీల జంప్: తప్పు నాదా, పల్సార్‌దా?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. ఆర్కైవ్ డేటాతో ఒక పల్సార్ (గిర్రున తిరుగుతూ రేడియో పల్స్‌లు పంపే న్యూట్రాన్ తార) ప్రొఫైల్, అంటే చాలా పల్స్‌ల సగటు ఆకారం, గీశారు. దాని పైన ధ్రువణ కోణం (పోలరైజేషన్ యాంగిల్, తరంగం ఏ దిశలో కంపిస్తోందో చెప్పే కోణం), అంటే పీఏ, గీస్తే ఎస్ అక్షరం లాంటి వంపు వచ్చింది, మధ్యలో రెండు చోట్ల సరిగ్గా 90 డిగ్రీలు ఎగిరింది. ఆ ఎస్ ఎందుకొస్తుంది? ఆ జంప్ నా కాలిబ్రేషన్ తప్పా? ఈ వంపును బట్టి అయస్కాంత అక్షం ఎంత వాలి ఉందో చెప్పొచ్చా? ఇవీ మీ సందేహాలు.

రెండోది చదవగానే నవ్వొచ్చింది. పీజీ ప్రాజెక్టులో ఆ జంప్ మీదే నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. నేనిప్పుడు ఈ రంగంలో లేను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాను. కానీ ఆ మూడు వారాలు మాత్రం బాగా గుర్తున్నాయి. అందుకే జంప్‌తోనే మొదలుపెడతాను.

నా గ్రాఫ్‌లో రెండు కాదు, నాలుగు జంప్‌లు వచ్చాయి. పల్సార్లలో ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు ధ్రువణ మోడ్‌లు ఉంటాయని, ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడు పీఏ 90 డిగ్రీలు ఎగురుతుందని అప్పటికే చదివి ఉన్నాను. ఇంకేముంది, నాలుగు జంప్‌లకూ నాలుగు కారణాలు రాసి రిపోర్టులో ఒక అధ్యాయమే నింపేశాను. మా గైడ్ గారు అది తిరగేసి ఒక్క మాట అడిగారు: "జంప్ ఉన్న చోట ఎల్ ఎంతుంది?"

ఎల్ అంటే రేఖీయ ధ్రువణం మొత్తం. టెలిస్కోప్ నుంచి మనకొచ్చేవి నాలుగు స్టోక్స్ రాశులు. ఐ మొత్తం తీవ్రత, క్యూ, యూ రేఖీయ ధ్రువణానివి, వీ వృత్తాకార ధ్రువణానిది. క్యూ వర్గం, యూ వర్గం కలిపి వర్గమూలం తీస్తే ఎల్. క్యూ, యూలను గ్రాఫ్ కాగితం మీద ఒక బాణంగా గీసి, ఆ బాణం చేసే కోణంలో సగం తీసుకుంటే పీఏ. సగం ఎందుకంటే, ధ్రువణానికి దిశ ఉంది గానీ తలా తోకా లేవు. గీతను 180 డిగ్రీలు తిప్పితే మళ్ళీ అదే గీత. ఆకాశంలో 180 తిరిగేసరికి క్యూ-యూ కాగితం మీద 360 తిరిగినట్టు.

ఇప్పుడు ఆ రెట్టింపు లెక్క ప్రకారం ఆకాశంలో ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు మోడ్‌లు కాగితం మీద సరిగ్గా ఎదురెదురు బాణాలవుతాయి. రెండూ కలిసి వస్తున్నప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బలమైనదాని వైపే మిగులు ఉంటుంది. పల్స్‌లో ముందుకు పోతున్న కొద్దీ మొదటి మోడ్ తగ్గి రెండోది పెరుగుతుంటే, ఏదో ఒక చోట రెండూ సమానం కావాలి. అక్కడ ఎల్ దాదాపు సున్నాకు పడిపోవాలి. ఆ తర్వాతే పీఏ అవతలి వైపు దూకాలి. అంటే నిజమైన మోడ్ జంప్ కింద ఎల్ గీతలో ఒక గుంట తప్పకుండా కనిపించాలి. కొన్ని పల్సార్లలో ఎల్ పూర్తిగా అడుగంటకుండా, ఆ చోట వీ పెరగడం కూడా ఉంటుంది, కానీ ఎల్‌లో ఏదో ఒక కదలిక అయితే ఉంటుంది.

నా నాలుగు జంప్‌లలో మూడింటి దగ్గర ఎల్ నిక్షేపంగా ఉంది. చెక్కు చెదరలేదు.

కారణం వెతికితే దొరికింది ఖగోళంలో కాదు, నా కోడ్‌లో. యూ బై క్యూకి మామూలు ఆర్క్ టాన్ తీసి సగం చేశాను. మామూలు ఆర్క్ టాన్ మైనస్ 90 నుంచి ప్లస్ 90 వరకే జవాబిస్తుంది. సగం చేస్తే మైనస్ 45 నుంచి ప్లస్ 45. పీఏ 45 దాటగానే అది మైనస్ 45కి వచ్చి పడుతుంది. తేడా ఎంత? సరిగ్గా 90 డిగ్రీలు! పల్సార్ మోడ్ జంప్ ఎంతుంటుందో అంతే. ఇంతకంటే మోసపూరితమైన బగ్ నేను నా ఉద్యోగంలో కూడా చూడలేదు. క్యూ, యూల ప్లస్-మైనస్ గుర్తులను విడివిడిగా చూసుకునే రెండు ఆర్గ్యుమెంట్ల ఆర్క్ టాన్ ఫంక్షన్ వాడగానే మూడు జంప్‌లు మాయమయ్యాయి. నాలుగోది మిగిలింది. దాని కింద ఎల్ గుంట కూడా ఉంది. అది నిజం.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. రెండు జంప్‌ల దగ్గరా ఎల్ చూడండి. మీరు పీఎస్ఆర్‌ఆర్కైవ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తోనే పీఏ తీసి ఉంటే ఈ తప్పు రాదు, సొంత కోడ్ రాసుకుంటేనే అనుమానించండి. 180 డిగ్రీల జంప్ కనిపిస్తే మాత్రం అసలు పట్టించుకోవద్దు, అది గ్రాఫ్ అంచు దాటి కింద నుంచి పైకి రావడం అంతే.

ఎల్ గురించి ఇంకొక మాట. వర్గాలు కలిపి మూలం తీసిన రాశి కాబట్టి అది ఎప్పుడూ పాజిటివే. సిగ్నల్ లేని చోట కూడా నాయిస్ వల్ల కొంత ఎల్ ఉన్నట్టే చూపిస్తుంది. ఎల్‌ను ఆఫ్-పల్స్ నాయిస్‌తో (పల్స్ లేని చోట ఉండే నాయిస్‌తో) భాగించి, ఆ నిష్పత్తి సుమారు 1.57 కన్నా తక్కువైతే సున్నా అనుకోవడం, ఎక్కువైతే నిష్పత్తి వర్గంలోంచి 1 తీసేసి మూలం కట్టడం ఇప్పుడు మామూలు పద్ధతి. ఇది చేయకపోతే నిజమైన గుంట కూడా నాయిస్‌తో పూడిపోయి, లేనట్టు కనిపించవచ్చు.

మోడ్‌లు ఉన్నాయనడానికి అసలైన సాక్ష్యం సగటు ప్రొఫైల్‌లో దొరకదు. 1975లో మాంచెస్టర్, టేలర్, హ్యూగెనిన్ ఒక్కో పల్స్ ధ్రువణాన్ని విడివిడిగా పరిశీలించిన పేపర్ వేశారు. అలా చూస్తే ఒకే చోట ఒక పల్స్‌లో ఒక కోణం, మరో పల్స్‌లో దానికి లంబ కోణం కనిపిస్తాయి. మీ దగ్గర సింగిల్ పల్స్ డేటా ఉంటే, పల్స్‌లోని ప్రతి బిన్‌కీ (పల్స్‌ను కోసిన ఒక్కో చిన్న ముక్కకీ) పీఏ హిస్టోగ్రామ్ వేయండి. 90 డిగ్రీల దూరంలో సమాంతరంగా రెండు పట్టాలు కనిపిస్తే ఇక వాదనే లేదు. నాకు మొదటిసారి ఆ రెండు పట్టాలు తెర మీద కనిపించిన రాత్రి నిద్ర పట్టలేదు. సగటు తీసి చూసినన్నాళ్ళూ ఎల్ తక్కువగా ఉంది, ఈ పల్సార్‌కు ధ్రువణం తక్కువ అనుకున్నాను. విడదీసి చూస్తే ఒక్కో పల్స్‌లో దండిగా ఉంది, సగటులో ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయి.

ఇక ఎస్ ఆకారం. ఇక్కడ తెలుగులో ఒక చిక్కుంది: ధ్రువం అంటే అయస్కాంత ధ్రువం, ధ్రువణం అంటే పోలరైజేషన్. ఈ కథలో రెండూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి ఒక్క ణకారం జారితే అర్థం మొత్తం మారిపోతుంది, చూసి చదువుకోండి.

సైకిల్ చక్రాన్ని ఊహించుకోండి. మధ్యలో ఇరుసు అయస్కాంత ధ్రువం, దాని చుట్టూ అన్ని వైపులా పోయే స్పోకులు అయస్కాంత రేఖలు. న్యూట్రాన్ తారను ధ్రువం పైనుంచి చూస్తే రేఖలు ఇలాగే విచ్చుకుని కనిపిస్తాయి. ఆ రేఖల వెంట పరుగెత్తే కణాలు వెలువరించే రేడియో తరంగాల ధ్రువణం ఆ రేఖల దిశకు కట్టుబడి ఉంటుంది: రేఖకు సమాంతరంగా గానీ, లంబంగా గానీ. తార తిరుగుతుంటే మన చూపు చక్రం మీద ఒక అడ్డగీత గీసినట్టు పోతుంది. ఆ గీత ఇరుసు మీదుగా కాకుండా కొంచెం పక్కగా పోతుందనుకోండి. మొదట్లో దూరంగా ఉన్నప్పుడు గీత వెంట కనబడే స్పోకుల దిశ పెద్దగా మారదు. ఇరుసు దగ్గరికి రాగానే చకచకా మారిపోతుంది. దాటాక మళ్ళీ నెమ్మదిస్తుంది. నెమ్మది, వేగం, నెమ్మది. గ్రాఫ్ గీస్తే అదే ఎస్. ఇరుసుకు ఎంత దగ్గరగా పోతే మధ్యలో అంత నిటారుగా ఉంటుంది.

పల్సార్లు కనుక్కున్నది 1967లో, జోసెలిన్ బెల్, ఆంటొనీ హ్యూయిష్‌లు. వాటి రేడియో తరంగాలకు రేఖీయ ధ్రువణం ఉందని లైన్, స్మిత్ 1968లోనే ప్రకటించారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌తో వేలా పల్సార్‌ను చూసి, ఈ స్పోకుల బొమ్మను లెక్కల్లో పెట్టినవాళ్ళు రాధాకృష్ణన్, కుక్. సర్ సీవీ రామన్ గారి అబ్బాయే ఈ రాధాకృష్ణన్, తర్వాత చాలాకాలం రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా ఉన్నారు. వేలా దొరకడం వాళ్ళ అదృష్టమని నాకనిపిస్తుంది. అది 89 మిల్లీసెకన్లకోసారి తిరిగే కుర్ర పల్సార్, దాని సిగ్నల్ దాదాపు మొత్తం రేఖీయంగా ధ్రువణం చెందినదే, మోడ్ జంప్‌ల గోల లేదు. మొదట చూసింది ఏ చిక్కుముడి పల్సార్‌నో అయ్యుంటే ఆ ఎస్ అంత శుభ్రంగా కనిపించేది కాదు. ఈ నమూనాను రొటేటింగ్ వెక్టర్ మోడల్ అంటారు. ఇప్పటికీ అందరూ ముందు దీన్నే ఫిట్ చేస్తారు.

తమాషా ఏమిటంటే, అంత శుభ్రమైన వేలాలో కూడా ధ్రువణం రేఖలకు సమాంతరంగా లేదు, లంబంగా ఉంది. చంద్రా ఎక్స్-రే టెలిస్కోప్ బొమ్మల్లో వేలా నుంచి పోయే జెట్ కనిపిస్తుంది కాబట్టి తార భ్రమణాక్షం ఆకాశంలో ఎటు ఉందో తెలుసు. ఎస్ మధ్య బిందువు దగ్గర అయస్కాంత రేఖ ఆ అక్షం దిశలోనే కనబడాలి, కానీ అక్కడి పీఏను దానితో పోలిస్తే 90 డిగ్రీల తేడా వస్తుంది. ఎస్ ఆకారం ఒక్కటే చూసి ఇది చెప్పలేం. మొత్తం వంపును 90 డిగ్రీలు పైకి జరిపినా ఆకారం అదే కదా.

మూడో ప్రశ్న కొంచెం చేదు. మోడల్‌లో రెండు ముఖ్యమైన కోణాలుంటాయి. భ్రమణాక్షానికీ అయస్కాంత అక్షానికీ మధ్య కోణం ఆల్ఫా. మన చూపు అయస్కాంత అక్షానికి ఎంత దగ్గరగా పోయిందో చెప్పేది బీటా. ఎస్ మధ్యలో నిటారు వాలు, అంటే తార ఒక డిగ్రీ తిరిగితే పీఏ ఎన్ని డిగ్రీలు మారుతుందన్నది, సైన్ ఆల్ఫా బై సైన్ బీటాకు సమానం. మీ గ్రాఫ్ నిజాయితీగా ఇచ్చేది ఈ ఒక్క నిష్పత్తినే. వాలు 10 వచ్చిందనుకోండి. ఆల్ఫా 90 అయితే బీటా 5.7 డిగ్రీలు, ఆల్ఫా 30 అయితే బీటా 2.9 డిగ్రీలు. రెండు జతలూ అదే వాలును ఇస్తాయి. రెండింటినీ విడదీయాలంటే ఎస్ రెక్కలు కావాలి, ధ్రువానికి దూరంగా పోయినప్పటి పీఏ కావాలి. అక్కడికొచ్చేసరికి చాలా పల్సార్లలో సిగ్నలే ఉండదు.

నా పల్స్ వెడల్పు మొత్తం కలిపి 18 డిగ్రీలు. నేను ఘనంగా ఆల్ఫా 42, ప్లస్ ఆర్ మైనస్ 3 అని రాసుకున్నాను. ఫిట్టింగ్ ప్రోగ్రామ్ ఇచ్చిన ఎర్రర్ అది, నేను నమ్మాను. మా గైడ్ గారు ఈసారి కూడా కోప్పడలేదు. "ఆల్ఫాను 20 దగ్గర కట్టేసి మిగతావి ఫిట్ చేసి చూడు" అన్నారు. చేశాను. గీత అచ్చం అలాగే పాయింట్ల మీద కూర్చుంది. "ఇప్పుడు 140 దగ్గర." అదీ కూర్చుంది. ఫిట్ ఎంత బాగుందో చెప్పే కై-స్క్వేర్ దాదాపు కదల్లేదు. అప్పుడు ఆల్ఫా-బీటా మొత్తం గ్రిడ్ వేసి చూస్తే, మంచి ఫిట్ ప్రాంతం ఈ చివర నుంచి ఆ చివర దాకా వంపు తిరిగి సాగి ఉంది, అరటిపండులాగా. ప్రోగ్రామ్ ఆ పండులో ఒక చోట ఆగి, చుట్టుపక్కల రెండడుగులు కొలిచి ప్లస్ ఆర్ మైనస్ 3 అని చెప్పింది. చివరికి రిపోర్టులో ఆల్ఫా ఇంత అని రాయకుండా వాలు మాత్రమే రాశాను. అప్పట్లో పరువు పోయినట్టుగా అనిపించింది గానీ, ఇప్పుడు ఆ పేజీ ఒక్కటే నిలబడేలా ఉంది.

ఆల్ఫా బాగా తెలిసే పల్సార్లు లేవా అంటే ఉన్నాయి. మెయిన్ పల్స్‌కు దాదాపు సగం తిరుగుడు దూరంలో ఇంటర్‌పల్స్ కూడా ఉన్నవాటిలో చాలావరకు రెండు ధ్రువాలూ కనబడేవే. అక్కడ పీఏ రెండు చోట్ల దొరుకుతుంది కాబట్టి ఫిట్‌కు పట్టు చిక్కుతుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ జే1906+0746. 144 మిల్లీసెకన్ల పల్సార్, ఇంకో తారతో కలిసి 4 గంటలకు కొంచెం తక్కువలో ఒక చుట్టు తిరుగుతుంది. సాధారణ సాపేక్షత వల్ల దాని భ్రమణాక్షం ఏడాదికి సుమారు 2 డిగ్రీల చొప్పున ఊగుతోంది. అంటే మన చూపు గీసే అడ్డగీత ఏటేటా కొంచెం పక్కకు జరుగుతోంది, ఎస్ ఆకారం మారుతోంది. ఆ మార్పులన్నీ కలిపి 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్, చూపు ఒక ధ్రువాన్ని దాటి పోయినప్పుడు ఎస్ తలకిందులవడం కూడా చూపించింది. మోడల్ చెప్పినట్టే. అదే లెక్క ప్రకారం అప్పటికి ఇంకా కనబడుతున్న పల్స్ 2028 నాటికి మన చూపు నుంచి తప్పుకోవాలి.

అన్నట్టు, ఎస్ మధ్య బిందువు ప్రొఫైల్ మధ్యలోకి రాకుండా కాస్త ఆలస్యంగా వస్తే కంగారు పడకండి. రేడియో తరంగాలు తార ఉపరితలం మీద కాకుండా కొంత ఎత్తులో పుడతాయి, ఆ ఎత్తులో ప్లాస్మా తారతో పాటే తిరుగుతుంటుంది. దానివల్ల పీఏ వంపు ప్రొఫైల్ కన్నా వెనకబడుతుంది. ఎంత? ఎత్తును కాంతి దాటే సమయానికి నాలుగు రెట్లు. 300 కిలోమీటర్ల ఎత్తయితే 4 మిల్లీసెకన్లు. సెకనుకోసారి తిరిగే పల్సార్‌లో అది 1.4 డిగ్రీలు. చిన్నదే, కానీ కొలవొచ్చు. ఉద్గారం ఎంత ఎత్తులో పుడుతుందో అంచనా వేయడానికి ఉన్న మంచి దారుల్లో ఇదొకటి. 1991లో బ్లాస్కీవిచ్, కార్డ్స్, వాసెర్మన్ ఈ లెక్క తేల్చారు.

మీరు విడిగా అడగలేదు గానీ, "ఫెరడే రొటేషన్ సరిచేయలేదు, దానివల్లేమో" అని చివర్లో రాశారు. దానివల్ల జంప్ రాదు. నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్లు, అయస్కాంత క్షేత్రం కలిసి పీఏను తిప్పుతాయి, తరంగదైర్ఘ్యం వర్గానికి అనుపాతంగా. ఎంత తిప్పుతాయన్నది రొటేషన్ మెజర్, ఆర్ఎం. కానీ ఒక ఫ్రీక్వెన్సీలో పల్స్ మొదలు నుంచి చివర దాకా అన్నింటినీ ఒకేలా తిప్పుతాయి. కాబట్టి ఎస్ ఆకారం చెడదు, మొత్తంగా పైకో కిందకో జరుగుతుంది. దెబ్బ తినేది ఎల్. బ్యాండ్‌లో ఈ చివర ఒక కోణం, ఆ చివర ఇంకో కోణం ఉంటే, సరిచేయకుండా సగటు తీసినప్పుడు కొట్టుకుపోతాయి. ఆర్ఎం 100 ఉందనుకోండి. 1400 మెగాహెర్ట్జ్ దగ్గర 256 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అయితే ఆ చివరకీ ఈ చివరకీ సుమారు 98 డిగ్రీల తేడా, ఎల్‌లో సుమారు 40 శాతం పోతుంది. అదే 400 మెగాహెర్ట్జ్ దగ్గరైతే 32 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కే 500 డిగ్రీలు దాటుతుంది, ఇక మిగిలేదేమీ ఉండదు. ఎల్ పోతే గుంటలు కనబడవు, గుంటలు కనబడకపోతే పైన చెప్పిన పరీక్ష పనిచేయదు. అందుకని ముందు ఆర్ఎం సరిచేయండి, తర్వాతే జంప్ చూడండి. పల్సార్ల వివరాలుండే ఏటీఎన్ఎఫ్ కేటలాగ్‌లో చాలా పల్సార్లకు విలువ దొరుకుతుంది. గుర్తు తప్పుగా పెడితే తిరుగుడు రెట్టింపవుతుందని మరవొద్దు. నేను అది కూడా చేశాను, వివరాలు వద్దులెండి.

ఈ బాధలో ఒక లాభం కూడా ఉంది. ఆర్ఎంను డిస్పర్షన్ మెజర్‌తో (డీఎం, దారిలో మొత్తం ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో చెప్పే కొలత) భాగించి 1.23తో హెచ్చిస్తే, మనకూ పల్సార్‌కూ మధ్య మన చూపు వెంట ఉన్న సగటు అయస్కాంత క్షేత్రం మైక్రోగాస్‌లలో వస్తుంది. వేలాకు ఆర్ఎం 30 పైచిలుకు, డీఎం 68. అంటే అర మైక్రోగాస్ కొంచెం పైన, భూమి అయస్కాంత క్షేత్రంలో దాదాపు పది లక్షల్లో ఒక వంతు! అదే మన గెలాక్సీ కేంద్రం పక్కన 2013లో కనబడిన మాగ్నెటార్ (మహా బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్న న్యూట్రాన్ తార) జే1745-2900కి అప్పుడు కొలిచిన ఆర్ఎం మైనస్ 67 వేలకు దగ్గరగా ఉంది. దాన్ని చూసి మొదట నేను కామా తప్పు పడిందనుకున్నాను.

ఇక గుర్తుల గొడవ. పరిశీలకులు పీఏను ఆకాశంలో ఉత్తరం నుంచి తూర్పుకు కొలుస్తారు. రాధాకృష్ణన్, కుక్ సూత్రం దానికి ఎదురు దిశలో కొలుస్తుంది. సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడితే ఎస్ అద్దంలో చూసినట్టు తిరగబడి, బీటా గుర్తు తప్పుగా వస్తుంది. మన చూపు అయస్కాంత ధ్రువానికి భ్రమణాక్షం వైపు నుంచి పోయిందా, అవతలి నుంచి పోయిందా అన్నదే తారుమారవుతుంది. వీ విషయంలోనూ అంతే. పల్సార్ వాళ్ళు ఎడమ చేతి వృత్తాకార ధ్రువణం నుంచి కుడి చేతిదాన్ని తీసేస్తారు, అంతర్జాతీయ ఖగోళ సంఘం పద్ధతి దానికి ఉల్టా. రెండు పేపర్లలో వీ గుర్తు వేరుగా కనిపిస్తే ముందు ఎవరి పద్ధతో చూడండి, పల్సార్ మారిందని అనుకోకండి.

మీ రెండు జంప్‌లలో మొదటిది ప్రొఫైల్ అంచున ఉందన్నారు. అంచుల్లో మోడ్ మారడం మామూలే కాబట్టి అది నిజం కావచ్చని నా అనుమానం. రెండోది సరిగ్గా శిఖరం మీద, పీఏ విలువ 45 దాటే చోట ఉందన్నారే, దాన్ని మాత్రం అస్సలు నమ్మలేకపోతున్నాను. ఆర్ఎం సరిచేశాక ఆ బిన్ దగ్గర ఎల్, వీ రెండూ గీసి కింద కామెంట్‌లో పెట్టండి. పీఏ తీసిన కోడ్ లైన్ కూడా.